విమానాల పటంలో మా తోడల్లుడి పడవ

యాత్ర అంటే కనీసం ఒక రైలన్నా ఎక్కాలని మా ఆవిడ అభిప్రాయం. నేను ఎక్కినవి మూడు బస్సులు, రెండు ఆటోలు, చివర్న ఒక పడవ. అనంతపురం పీఠభూమిలో పడవ ఎక్కడిదని మీరు అడుగుతారు. అది మా తోడల్లుడిది. ఇంకా అక్కడే ఉందా, తుప్పుపట్టి రాలిపోయిందా అని చూసి రావడానికి పోయాను. రాలిపోయి ఉంటే బాగుండునని దారి పొడవునా అనుకుంటూ పోయాను. ఇక మీరు చదివేది అట్లాంటి భక్తుడి తీర్థయాత్ర.

గోరంట్ల

అన్నిటికీ మూలం మా అక్క కూతురు భార్గవి. కర్ణాటకలో ఒక విమానాల బడిలో చిన్న విమానాలు తోలడం నేర్పుతుంది. మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు, విమానంలో తొడ మీద పరుచుకుని చూసుకునే పటాలు రెండు తెచ్చింది. నేను సర్వే ఆఫీసులో ట్రేసర్‌ని. ముప్పై నాలుగేళ్ళు పటాలకు నకళ్ళు గీశాను. పటం కనపడితే నాకు విస్తరి వేసినట్టే.

మొదటిది సముద్రతీరం పటం. నీలం అంచు పొడుగునా అక్కడక్కడ ఒరిగిన ఓడ బొమ్మలు.

"ఇవేంది పాపా?"

"ఒడ్డున ఇసకలో ఇరుక్కుని పాడైపోయిన ఓడలు మామా. పైనుంచి చూస్తే ఊర్లన్నీ ఒకే మాదిరి ఉంటాయి. ఓడ మాత్రం ఇంకోదాని మాదిరి ఉండదు. పైగా కదలదు. అది కనపడిందంటే మేము యాడుండామో తెలిసిపోతాది."

తిరిగినన్నాళ్ళూ ఏ ఓడకూ పటంలో చోటు లేదట. కూలబడ్డాకే గుర్తింపు. రిటైరైనవాణ్ణి కనక ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

రెండోది మా సీమ పటం. అచ్చులో చెరువులన్నీ నీలం. పైనుంచి చూసేవాళ్ళకు ఒక్కటీ నీలంగా దొరకదు, అన్నీ ఎండిపోయి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు నీలం వెతుక్కుంటూ దారి తప్పుతున్నారని బడివాళ్ళు సొంతంగా పెన్సిలు గుర్తులు పెట్టుకున్నారు. ఒక కొండ, ఒక రైలు వంతెన. గాలిమరలు పనికిరావట, అన్నీ కవలపిల్లలే. కొత్తచెరువుకు అవతల ఒక చెరువు నడిమధ్యలో మాత్రం, సముద్రం ఊసే లేని చోట, ఒరిగిన ఓడ బొమ్మ ఉంది.

"ఇది పద్మత్త వాళ్ళ గుట్టకిందపల్లి కదా?" అన్నాను.

"అవును మామా. రాముడు మామ పడవే. రేకు కప్పు ఎండకు ఎంత దూరానికైనా మెరుస్తాది. ఇంత మంచి గుర్తు మాకు ఇంగోటి లేదు."

పద్మ మా ఆవిడ చెల్లెలు. ఆమె భర్త వెంకట్రాముడు చెనిక్కాయల రైతు. చాలా ఏళ్ళ కిందట ఒక సంవత్సరం వానలు విరగబడి కురిసి ఆ ఊరి చెరువు మరవ పారింది, అంటే నిండి పక్కనున్న రాతి అంచు మీదుగా పొర్లింది. మా దిక్కు మరవ పారితే మనుషుల మతి కూడా పొర్లుతుంది. వెంకట్రాముడు కోస్తాకు పోయి, ముప్పై మంది పట్టే పాత ఇనప షికారు పడవ కొని లారీ మీద తెచ్చాడు. ఒక వేసవి జనాన్ని తిప్పాడు. నీళ్ళు తగ్గుతుంటే, ఒడ్డుకు లాగుదామా అని అడిగాడు. "యాల? వచ్చే ఏడు వానొస్తాది ల్యా" అన్నారు ఊరంతా. ఈ తప్పు మావాళ్ళు మాత్రమే చేయగలరు. ఏటా విత్తనాలు కొనేది ఆ మాట మీదే, ఏటా మోసపోయేది ఆ మాట మీదే. పడవ ఒక్కటి ఏం పాపం చేసింది? అదీ అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత ఒక పెళ్ళి పంక్తిలో, అతను పక్క వరసలో తింటుండగా, "ఓడ తెచ్చి ఓడినోడు" అని ఒక మాట వదిలాను. పంక్తి పంక్తంతా పొరబోయింది. నేను గీసిన గీతలేవీ తాలూకా దాటలేదు గాని ఆ మాట మాత్రం మూడు తాలూకాలు తిరిగి అతనికి ఇంటిపేరైంది.

ఇప్పుడు చూడండి. నేను ఒక్క తప్పు లేకుండా గీసి గీసి రిటైరయ్యాను. ఏ పటంలోనూ నాకు చుక్కంత చోటు లేదు. అతను ఒకే ఒక్క తప్పు చేశాడు, అది పటమెక్కి కూర్చుంది.

"మామా, కొత్త పటం అచ్చుకు పోతాంది," అంది భార్గవి. "ఆ పడవ ఆడనే ఉండాదా, మూతి యాపక్కకు ఉండాదో చూసి రా. నీ మాట మీదనే వేస్తాము."

కుళ్ళుబోతు చేతికి రబ్బరు ఇవ్వడమంటే ఇదే.

కొత్తచెరువు

బస్సు దిగి ఉగ్గాని తిన్నాను. మిరపకాయ బజ్జీలు రెండు వేసి నలభై రూపాయలు. గోరంట్లలో ముప్పై ఐదే గాని, మావాళ్ళు బొరుగుల్లో నిమ్మకాయ పిండడానికి చేతులు రానట్టు చేస్తారు. ఇక్కడ ధారాళం. మా వైపు హోటల్లో కూర్చోగానే కన్నడం గాలి తగిలి కాఫీ అడుగుతారు. ఇక్కడ అడగకుండా టీ పెట్టేస్తారు. వద్దంటే మనిషికి ఒంట్లో బాగలేదనుకుంటారు.

"ఏమప్పా, యాడికి?" అంది హోటలామె.

"గుట్టకిందపల్లికి."

"పడవ చూసేదానికా?"

బజ్జీలో గింజ అడ్డంపడింది. మా ఊరి పేరు చెబితే "అది యాడొస్తాది?" అంటారు, పక్క మండలంలో కూడా. వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆమె బెల్లం ముక్క ఇచ్చి, "మెల్లగా తినప్పా. పడవ యాడికీ పోదు," అంది.

ఆటో అన్న ఇంకో అడుగు ముందుకు వేశాడు. "ఊర్లోకా, పడవ కాడికా?" అని అడిగాడు. అంటే ఇప్పుడు ఆ ఊరికి రెండు స్టాపులు. "పొద్దున వచ్చింటే బాగుండు. తొమ్మిదికి ఇమానం వస్తాది. మన పడవను చూసుకోని సక్కగా మలుపుకుంటాది. ఇంత కూడా తప్పదు."

మన పడవ, అన్నాడు. అతనిది ఆ ఊరు కూడా కాదు.

గుట్టకిందపల్లి

చెరువు కట్ట ఎక్కి చూస్తే, కంపచెట్ల నడుమ తెల్లటి నేల మీద, ఒక పక్కకు ఒరిగి, పసుపు రంగు వెలిసి, రేకు కప్పు మెరుస్తూ ఉంది. నేను కోరుకున్నంత తుప్పు లేదు. దాని నీడలో ఆడవాళ్ళు చెనిక్కాయలు వలుస్తున్నారు. పక్కన తాటికాయంత అక్షరాల్తో బోర్డు: "ఇమానాల గుర్తు. ఎవరూ కదపరాదు."

వెంకట్రాముడు ఎదురొచ్చాడు. కండువాతో నా మొహం తుడవబోయినంత పని చేశాడు.

"ఎన్నేండ్లకొచ్చినావన్నా. అక్క రాలేదా?"

"మోకాళ్ళు. నువ్వెట్లుండావు?"

"నాకేమి. నీళ్ళొస్తాండాయి."

నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం సంగటి, పప్పు, ఊరుబిండి పెట్టి పద్మ చెప్పింది. కాలువ నీళ్ళు నాలుగు రోజుల్లో ఈ చెరువుకు వదులుతున్నారు. వాన కాదు, ఎక్కడి నదివో, తూము తీస్తే వచ్చేవి.

"అదే తంటా బావా," అంది పద్మ. "ఊరోళ్ళు పడవ కింద సిమెంటు దిమ్మెలు కట్టి పైకెత్తి నిలబెడదాం అంటాండారు. నీళ్ళొచ్చినా కదలకుండా ఉండాలంట, ఇమానాల కోసరం. ఈయప్పకు ఇష్టం లేదు."

వెంకట్రాముడు సంగటి ముద్ద చుట్టూ వేలితో గీస్తూ కూర్చున్నాడు. "తేలేదానికి తెచ్చిన దాన్ని దిమ్మెల మీద నిలబెడితే అది పడవ యాడైతాదన్నా? పూజ గదిలో పటమైతాది. చిల్లులు పూడ్పిచ్చి తేల్చాలని నాకు. ఊరంతా ఒక తట్టు, నేనొక తట్టు. నువ్వు పటాల మనిషివి, నీ మాట ఇంటారు. సూటిగా చెప్పు. తేలితే ఆ గుర్తు పోతాదా?"

"పోతాది," అన్నాను. "కదిలేది ఏదీ గుర్తుకు పనికిరాదు."

అది నిజం. నా సర్వీసు మొత్తంలో ఇంత సంతోషంగా నిజం చెప్పిన రోజు ఇంకోటి లేదు.

అతను ముద్ద తుంచి పప్పులో అద్ది, "పోతే పోనీ," అన్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. నేను ఆగలేదు. "తేల్చడమే న్యాయం రాముడూ" అన్నాను. సాయంత్రం పడవ నీడలో కూర్చున్న పెద్దమనుషుల దగ్గరకు పోయి, నీళ్ళొచ్చాక దిమ్మెల మీద నిలబెట్టినా ఆ గుర్తు పైవాళ్ళకు దొరకదని పటాల శాస్త్రం అంతా తిరగేసి, దిమ్మెల మాట మాన్పించాను. నా వాదనకు వాళ్ళు తలలూపుతుంటే వెంకట్రాముడి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నా పక్క మాట్లాడేవాడు వస్తాడనుకోలా," అన్నాడు దారిలో. "అందులో నువ్వు వస్తావని అసలే అనుకోలా."

ఆ మెచ్చుకోలు రాత్రి సంగటి కన్నా బరువుగా కడుపులో కూర్చుంది. అయినా నిద్ర బాగానే పట్టింది.

పడవ కడుపులో

మరుసటి రోజు వెల్డింగు మస్తాన్ వచ్చాడు. తన పెట్టె దించుకుంటూ, "ఇంత పెద్ద మరమ్మతుకు నా జిందగీలో ఎవురూ పిలవలేదు సాబ్," అన్నాడు. పడవ అడుగున చిల్లులు ఎక్కడున్నాయో ముందు తెలియాలి. వెంకట్రాముడు నా చేతికి సుద్దముక్క ఇచ్చాడు. "నీ చేయి గీసినంత నిక్కచ్చిగా ఇంగెవురిదీ గీయదు."

లోపల పలకలెత్తి, చీకట్లోకి దూరాను. అడుగున పైకి లేచిన పక్క నుంచి వెలుతురు సన్న సూదుల్లా లోపలికి దిగుతోంది. ఎక్కడ వెలుతురు వస్తే అక్కడ చిల్లు. ఒక్కోదాని చుట్టూ సుద్దతో గుండ్రంగా చుట్టుకుంటూ పోయాను. నలభై దాకా లెక్క పెట్టి మానేశాను. నిజం చెప్పాలంటే నాకు బాగుంది. రిటైరయ్యాక ఎవరూ నా చేతికి గీసే పని ఇవ్వలేదు.

వెనక మూలలో, కుడివైపు ఆఖరి పలక కింద, చెనిక్కాయ గింజంత చిల్లు ఒకటి. దాంట్లోంచి వచ్చిన వెలుతురు నా బొటనవేలి మీద పడింది. సరిగ్గా అప్పుడే బయట తొమ్మిది గంటల విమానం మోత. చెనిక్కాయలు వలిచే ఆడవాళ్ళలో ఎవరో అన్నారు: "అదిగో, రాముడన్న ఇమానం."

రాముడన్న విమానం. నడిపేది నా మేనగోడలి బడివాళ్ళు. పటాలు తెలిసినవాణ్ణి నేను. విమానం మాత్రం రాముడన్నది.

సుద్దముక్క చేతిలోనే ఉంది. గీయలేదు. పలక మూసి పైకి వచ్చాను.

"అయిపోయినాయా సాబ్?" అన్నాడు మస్తాన్.

"అయిపోయినాయి."

అతను గీత ఉన్నచోటల్లా రేకు ముక్క పెట్టి అతికించాడు. గీత లేనిచోట అతనికేం పని?

ధర్మవరం

మూడో రోజు పద్మకు తోడుగా చీర కొనడానికి పోయాను. చెరువుకు నీళ్ళొస్తే గంగమ్మకు చీర పెట్టాలి. మా గోరంట్ల వైపు ఎర్ర నూలు చీర, పసుపు కుంకుమ, అంతే. గుట్టకిందపల్లివాళ్ళకు పట్టు కావాలి. ధర్మవరం పక్కన పెట్టుకుని నూలు పెడితే గంగమ్మ మొహం తిప్పుకుంటుందట.

బస్టాండులో భార్గవికి ఫోను చేశాను. "పడవ తేలబోతాంది పాపా. గుర్తు తీసేయి."

"అయ్యో. దానికి బదులు ఇంగోటి యాడ వెతికేది? నీకేమన్నా తెలుసా మామా?"

ఈ ప్రశ్న కోసమే నేను పుట్టానేమో. "మా మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఉండాది. నీలం రంగు. చాలా పెద్దది."

ఆమె నవ్వును ఆపుకోవడం వినపడింది. "అట్లాంటివి ఊరికి వంద ఉంటాయి మామా."

మగ్గం ఇంట్లో సుశీలమ్మ అని ఒకామె చీరలు పరిచింది. ఆకుపచ్చకు ఎర్రంచు ఒకటి పద్మకు నచ్చింది. ఆరు వేలు అంది సుశీలమ్మ. పద్మ నాలుగు దగ్గర మొదలుపెట్టింది. ఇద్దరికీ తొందర లేదు. మధ్యలో నేను తెలివికి పోయి, "నీళ్ళలో వదిలేదే కదమ్మా, నేతలో ఎక్కడన్నా తప్పు పోయినది ఉంటే చవకగా ఇవ్వు," అన్నాను.

సుశీలమ్మ చీర మడత ఆపింది. "శానామంది అడుగుతారప్పా. మేము ఇయ్యము. మనిషికి తప్పు చీర అమ్మితే, ఇదిగో ఈడ తప్పుండాది అని వేలు పెట్టి చూపిచ్చి అమ్ముతాము. నీళ్ళలో పోయేదాన్ని ఎవురు చూస్తారులే అని ఇస్తే, నేసినోళ్ళకు తెలీదా?"

పద్మ నావైపు చూసి, "మా బావ తమాషాకు అంటాండాడు," అంది. చీర ఐదు వేల రెండు వందలకు తెగింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఏమీ చూడలేదు. పోగానే మస్తాన్‌ను వెనక్కి పిలిపించి, ఒక్కటి మర్చిపోయానని చెప్పాలి. మర్చిపోయానని చెప్పాలా, వదిలానని చెప్పాలా అని ఆలోచిస్తూనే దిగాల్సిన స్టాపు దాటిపోయాను. రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాం. పద్మ చీర సంచి నా చేతికిచ్చింది.

కట్ట ఎక్కేసరికి ఆలస్యమైంది. నీళ్ళు ఒక రోజు ముందే వదిలారు. ఎర్రటి నీళ్ళు, నురగ తోసుకుంటూ, కంపచెట్లను చుట్టుకుంటూ, పడవ మూతి దాకా వచ్చేశాయి. ఒరిగిన పక్క అప్పటికే మునిగింది. వెంకట్రాముడు మోకాలి లోతులో నిలబడి పడవ మీద చేయి వేసి ఉన్నాడు, ఈనబోయే ఆవు పక్కన నిలబడ్డట్టు.

చెప్పలేదు నేను. కట్ట మీద చేరిన అంతమంది ముందు నోరు రాలేదు.

నీళ్ళ మీద

రెండు రోజులు గడిచాయి. పొద్దున్నే ఊరంతా కట్ట మీదికి చేరింది. అరటిబోదె తెప్ప మీద ఆకుపచ్చ చీర, గాజులు, పసుపు, ఒక దీపం పెట్టి వదిలారు. డప్పులు. ఓళిగల వాసన. నడుములోతు నీళ్ళలో పడవ చుట్టూ పదిమంది మగవాళ్ళు.

"అన్నా, ముందు నువ్వెక్కు," అన్నాడు వెంకట్రాముడు అందరికీ వినపడేలా. "తేల్చమన్నది నువ్వు."

ఎక్కకుండా ఎట్లా? ఎక్కి ముందు పలక మీద కూర్చున్నాను. అతను పొడుగాటి గెడ పట్టుకుని ఎక్కాడు. మిగతావాళ్ళు తోశారు. కింద ఇనుము ఒక్కసారి కీచుమని అరిచింది. ఆ తర్వాత అరుపు లేదు. పడవ ఒరుగుదల సర్దుకుని, నిటారుగా నిలబడి, ఊగింది. కట్ట మీద డప్పు కొట్టేవాళ్ళు కొట్టడం మర్చిపోయారు.

అతను గెడ వేసి తోశాడు. పడవ కదిలింది. నేను తప్ప అందరూ నవ్వారు.

వంద గజాలు పోయామో లేదో, వెనక పలక సందుల్లోంచి నీళ్ళు పాకుతూ వచ్చాయి.

"ఒకటి తప్పిపోయినట్టుండాది," అన్నాడు వెంకట్రాముడు.

"తప్పిపోలా," అన్నాను. "నేను చూసినా. చూసే ఇడిసినా."

అతను గెడ ఆపలేదు. "ఎందుకన్నా?"

"కుళ్ళు. నీ పడవ పటంలో ఉండాదని. తేల్చమని చెప్పింది కూడా అందుకే. తేలితే గుర్తు పోతాదని."

రెండు తోపులు తోశాడు. నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి.

"పెండ్లిలో నువ్వు ఆ మాటన్నాక మూడేండ్లు నేను ఏ పెండ్లికీ పోలా. తెల్సునా?"

"తెలీదు."

"తెల్సుకో." ఇంకో తోపు. "చిల్లు యాడుండాదో నీకు తెల్సు కదా. పో, పలకెత్తి ఆడ కూర్చో. మడిమ పెట్టి తొక్కిపట్టు."

పోయి కూర్చున్నాను. పంచె ఎగగట్టి, పలకెత్తి, కాలు కిందికి వదిలి, మడిమ సరిగ్గా దాని మీద ఆనించాను. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. నీళ్ళు చల్లగా ఒక్క బిందువై మడిమను పొడుస్తున్నాయి. పక్కనున్న తగరపు చెంబుతో లోపలి నీళ్ళు బయటికి పోయడం మొదలుపెట్టాను. ఒడ్డున ఉన్నవాళ్ళకు నేను షికారు చేస్తున్నట్టే కనపడి ఉంటాను.

"నన్ను క్షమించు రాముడూ," అన్నాను.

"మడిమ తియ్యాకు," అన్నాడు.

తొమ్మిది గంటల విమానం వచ్చింది. ఎప్పుడూ మలుపుకునే చోటికి వచ్చి మలుపుకోలేదు. కొంచెం ముందుకు పోయి వెనక్కి తిరిగింది, మళ్ళీ ఒక చుట్టు చుట్టింది. తెల్లటి చెరువు కోసం చూస్తున్నవాళ్ళకు ఎర్ర నీళ్ళు కనపడుతున్నాయి, కూర్చున్న ఓడ కోసం చూస్తున్నవాళ్ళకు నడిచే ఓడ కనపడుతోంది. కొత్త పటం ఇంకా చేతికి రాలేదేమో. కట్ట మీద జనం తలలెత్తి చేతులూపారు. నేను కూడా, కాలు చిల్లు మీదే ఉంచి, చెంబు ఆపి తలెత్తాను. పైన ఉన్నవాళ్ళు కిందికి చూసి పడవ కనిపెడతారా, అందులో నేను కనపడతానా అని చూశాను. సిగ్గులేకుండా చూశాను.

వెంకట్రాముడు మాత్రం తలెత్తలేదు. ఆ విమానానికి ఇక తన పడవ గుర్తు కాదని అతనికి తెలుసు. నేనే చెప్పాను. గెడ నీళ్ళలోంచి పైకి లాగి, తడి ఎంతదాకా వచ్చిందో బొటనవేలితో పట్టుకుని, మరో చేత్తో జానలు కొలుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో నేను ఏ పటాన్నీ అట్లా చూడలేదు.

"నిన్నటికీ ఇయ్యాలకూ జానెడు పెరిగిందన్నా," అన్నాడు.